చక్కెర లేని కలరు

హోసూరు బస్టాండు వెనక సందులో ఆంజప్ప సోడా మిషను తిరుగుతుంటే ఆ గలగల వీధి మొగదాకా వినబడేది. బేరిగైలో తాతల నాటి గొర్రెల మందను అన్నకు వదిలేసి, పెళ్లాం సుబ్బక్కను వెంటబెట్టుకొని వచ్చి పెట్టిన అంగడి అది. గోలీసోడా అందరూ పట్టేవాళ్లే. కానీ ఆంజప్ప పట్టే కలరు సోడా కోసం బస్సు దిగినవాళ్లు సందు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఎర్రది, పచ్చది, నారింజ రంగుది, ఏది తీసుకున్నా అసలు చక్కెర పాకం. చక్కెర ధర పెరిగినప్పుడల్లా తక్కిన సోడావాళ్లు చడీ చప్పుడూ లేకుండా దాని బదులు చవకగా దొరికే సాక్రిన్ కలిపేసేవాళ్లు. ఆంజప్ప మాత్రం సాక్రిన్ పొట్లాన్ని గడప తొక్కనివ్వలేదు.

అతనికి తన నాలుక మీద గర్వం. పాకం కాచిన ప్రతిసారీ మొదటి సీసా గోలీ తనే కొట్టి, కళ్లు మూసుకొని గుటక వేసేవాడు. నాలుక ఒప్పుకుంటేనే మిగతా సీసాలకు పాకం పోసేవాడు. రుచి చూడటంతో మొదలైంది పోనుపోను అలవాటైంది. పొద్దుటిదొకటి, మధ్యాహ్నం ఎండకొకటి, ఎవరైనా తెలిసినవాళ్లు వస్తే వాళ్లతో కలిసి ఇంకొకటి.

సుబ్బక్కది వేరే పని. సీసాలు కడిగేది. కడిగిన ప్రతి సీసానూ ఎండకు ఎత్తిపట్టి చూసేది. గాజులో వెంట్రుకంత బీట ఉన్నా గ్యాసు ఎక్కేటప్పుడు పేలుతుంది. అట్లా పేలిన సీసా ఒకటి ఆమె మణికట్టు మీద మచ్చ మిగిల్చింది. అప్పటినుంచీ ఆమె కంటిని దాటి ఒక్క బీట సీసా మిషను ఎక్కలేదు. మాట తక్కువ మనిషి. చూసేటప్పుడు మాత్రం చూపు అక్కడే నిలిపేది.

డెబ్బై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ఆ చూపు మొగుడి మీద నిలిచింది.

ఆంజప్పకు దప్పిక తీరడం లేదు. ఎన్ని కలర్లు తాగినా నోరు పిడచకట్టుకుపోతోంది. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. పెరట్లో అతను ఒంటికి పోసిన చోట చీమలు బారులు కడుతున్నాయి. కాల్లో గాజుపెంకు గుచ్చుకొని అయిన పుండు, పసుపు పెట్టినా ఆకుపసరు పిండినా మానడం లేదు.

"మే, ఈ ఎండలకు అందరికీ ఇట్లే ఉంటాది," అన్నాడు ఆంజప్ప.

"అందరికీ చీమలు పట్టవు గదప్పా. లే, డాక్టరు దగ్గరికి పోదాం," అంది సుబ్బక్క.

పెద్ద వీధిలో ఈశ్వరప్రసాద్ అనే డాక్టరు కొత్తగా క్లినిక్కు పెట్టుకున్నాడు. అరవం, కన్నడం, తెలుగు మూడూ కలిపి మాట్లాడేవాడు. రోగి చెప్పేది మొత్తం విన్నాకే నోరు విప్పేవాడు. ఒక గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఆంజప్ప మూత్రం చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాడు. నీలం పోయి పచ్చ వచ్చింది. పచ్చ పోయి పసుపు వచ్చింది. చూస్తుండగానే పసుపు కాస్తా ఇటుక రంగుకు తిరిగింది.

"షుగరప్పా నీకు. ఒంట్లో చక్కెర మట్టు మించింది. దినానికి ఎన్ని కలర్లు తాగుతావు?"

"లెక్క యాడ పెట్టుకుంటాను సార్? దప్పికైతే తాగుతాను."

"నువ్వు తాగేదాని వల్లనే ఆ దప్పిక ఇంకా పెరగతా ఉండాది."

ఆ మాట ఆంజప్పకు చెంపదెబ్బలా తగిలింది. తన చేత్తో పట్టిన కలరు, ఊరంతా మెచ్చుకున్న కలరు తనకే పగయిందా? డాక్టరు మాత్రలు రాశాడు. రాగిముద్ద చిన్నది చేసుకొని ఆకుకూరలు ఎక్కువ తినమన్నాడు. దినమూ నడవమన్నాడు, తీపి మానమన్నాడు. అవేవీ ఆంజప్ప చెవికెక్కలేదు. తల వంచుకొని కాళ్లవంక చూసుకుంటూ కూర్చున్నాడు. అంతా విన్నది సుబ్బక్కే. విని, దీపం దగ్గరికి పోయి అడిగింది.

"సార్, ఈ రంగు చూసేది నాకు నేర్పిస్తారా? నేను దినామూ గాజు చూసేదాన్నే."

డాక్టరు ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు. ఎంత మందు పోయాలో, ఎన్ని చుక్కలు వేయాలో, గొట్టాన్ని ఎట్లా పట్టుకుంటే చెయ్యి కాలదో ఓపిగ్గా చూపించాడు. ఒక పాత గొట్టమూ, నీలం మందు బుడ్డీ ఇచ్చి పంపాడు.

ఆంజప్పకు అది తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక ఎగిరిపడ్డాడు.

"ఆడదానివి, నా ఉచ్చ కాచి చూస్తావా? సిగ్గు లేదా నీకు?"

"ఇన్నేండ్లుగా ఊర్లో ఎవురెవురి ఎంగిలి సీసాలో కడిగినాను. కట్టుకున్నోడిది చూసేదానికి సిగ్గేంది?" అంది సుబ్బక్క, గొట్టాన్ని కడుగుతూ.

ఆంజప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకొని మిషను దగ్గరికి పోయాడు.

మాత్రలు వేసుకుంటున్నాడు, చిన్న ముద్దే తింటున్నాడు, చన్నత్తూరు రోడ్డులో నడిచి వస్తున్నాడు. అయినా గొట్టంలో రంగు ఇటుక నుంచి నారింజకు దిగి, అక్కడే మొండికేసింది. సుబ్బక్క అరవలేదు, ఏడవలేదు. ఒకనాటి పొద్దున గొట్టాన్ని అతని ముందు పెట్టి, దాని పక్కనే నారింజ కలరు సీసా ఒకటి నిలబెట్టింది. రెండూ ఒకే రంగు.

"పాకం రుచి చూడకుండా యాపారం ఎట్ల జరుగుతాదే!" అంటూ ఆంజప్ప దొరికిపోయాడు. ఆమె వాకిట్లో సీసాలు కడిగేటప్పుడు అతను లోపల ఒకటి గబుక్కున తాగేసేవాడు. నాలుకకు తీపి తగలకపోతే చేతులు ఆడవు. తీపి లేని దినం దినమే కాదనిపించేది. ఆ సంగతి చెప్పుకుంటుంటే అంత మనిషికీ కంట నీళ్లు తిరిగాయి.

సుబ్బక్క అతని ఎదురుగా కూర్చుంది. "నీ నాలుక చంపుకోమని నేను చెప్పలేదు. దానికి వేరే ఏమన్నా చూస్తాం, ఉండు," అంది.

ఆ సాయంత్రం ఆమె మందుల షాపు నుంచి తెచ్చిన చిన్న డబ్బాను చూసి ఆంజప్ప నిప్పు తొక్కినట్టు లేచాడు. లోపల సాక్రిన్ బిళ్లలు.

"ఆ దొంగ సరుకును నా ఇంట్లోకి తెచ్చినావా!"

"చెప్పకుండా కలిపితే దొంగ సరుకు. చెప్పి కలిపితే నీలాంటోళ్లకు దారి. డాక్టరును అడిగే తెచ్చినాను. షుగరు ఉండేవాళ్లకు ఇది చక్కెర ఎక్కించదంట. మితంగా వాడమన్నాడు."

మొదట కలిపింది నోట పోసుకొని ఆంజప్ప గోడకేసి ఉమ్మాడు. "ఇనుప తాళం నాకినట్టుండాది," అన్నాడు. మర్నాడు బిళ్ల తగ్గించింది. తీపి తగ్గింది కానీ, తాగాక నాలుక వెనక చేదు అట్లాగే నిలిచింది. నిమ్మకాయ పిండింది. పులుపు ముందు వచ్చి పోయింది, చేదు పోలేదు. ఆమెకు కంటిచూపు ఉంది గానీ, ఆ నాలుక లేదు. ఎక్కడ తప్పుతోందో చెప్పగలిగేది ఆంజప్ప ఒక్కడే. చిరాకుపడుతూనే చెప్పేవాడు. చెప్పీ చెప్పీ అతనికే పట్టుదల వచ్చింది. ఆమె చేత అల్లం దంచించి కలిపించాడు. మరీ ఘాటైతే వడకట్టించాడు. చిటికెడు ఉప్పు వేసి చూద్దామన్నది కూడా అతనే. చాలాకాలానికి మళ్లీ కళ్లు మూసుకొని గుటక వేసి, పెదవులు చప్పరించి, "ఇంకొంచెం నిమ్మ," అన్నాడు. సుబ్బక్క తల తిప్పుకొని నవ్వుకుంది.

వానలు పట్టే నాటికి ఒక సీసా కుదిరింది. ఆంజప్ప గోలీ కొట్టాడు, తాగాడు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఖాళీ సీసా చాపి, "ఇంకొకటుంటే ఈయ్," అన్నాడు.

ఆ నెలలోనే గొట్టంలో రంగు పచ్చకు దిగింది. కాలి పుండు అంచులనుంచి మూసుకుంటూ వచ్చింది. సోడా వల్ల కాదది, సుబ్బక్కకు తెలుసు. దొంగచాటు కలరు ఆగింది కాబట్టి మాత్రలూ ముద్దా నడకా తమ పని తాము చేశాయి. సోడా చేసిన మేలు ఒక్కటే, ఆ మనిషిని తీపి కోసం దొంగను కానివ్వలేదు.

ఆ సోడాకు ఆమె రంగు వేయనివ్వలేదు. "రంగు వేస్తే ఏదేదో తెలీదు. దీన్ని తెల్లగానే ఉండనీ," అంది. సీసా మెడకు నీలం దారం కట్టేది.

మాట నోటా నోటా పాకింది. డాక్టరు దగ్గరికి వచ్చే షుగరువాళ్లు సందు వెతుక్కుంటూ రాసాగారు. బేరిగై నుంచి ఆంజప్పకు వరసకు అత్తయ్యే కెంపమ్మ, మేకలు కాసుకునే మనిషి, బస్సు దిగి నేరుగా అక్కడికే వచ్చింది. ఆమెకూ షుగరు. పెళ్లిళ్లలో అందరూ కలర్లు తాగుతుంటే తను మాత్రం ఉత్త చేతులతో ఓ మూల కూర్చునేదంట. నీలం దారం సీసా పట్టుకొని తాగుతూ, "ఇప్పుడు నేనూ మనుషుల్లో కలిసినానమ్మా," అంది.

ఎవరొచ్చినా సుబ్బక్క సీసా చేతికిచ్చే ముందు ఒకే మాట చెప్పేది: "ఇది మందు కాదు. చక్కెర ఎక్కించదు, అంతే. దించేది మీ మాత్రా, మీ తిండీ, మీ నడకా. దీన్ని నమ్ముకొని అవి మానొద్దండి."

కొందరు తల ఊపేవాళ్లు. కొందరికి మాత్రం ఆ మాట రుచించేది కాదు.

మూడు నాలుగేళ్లు అట్లా గడిచాయి. అప్పుడు కృష్ణగిరి నుంచి శేషప్ప వచ్చాడు. టెంపో వ్యాను పెట్టుకొని సంత సంతకూ సరుకులు తిప్పే వ్యాపారి. మాటకారి. సోడా తాగి తొడ చరిచాడు.

"ఏమప్పా ఆంజప్పా, ఇంత పెట్టుకొని ఈ సందులో ఎలుక మాదిరి దాంకోనుండావా? మా కృష్ణగిరి అవతల పోచంపల్లి సంతకు రా. బోర్డు రాయిస్తాను. 'ఆంజప్ప షుగర్ సోడా, తీపి రోగానికి మందు'. జనం విరగబడతారు!"

ఆంజప్ప కళ్ల ముందు ఆ బోర్డు నిలిచింది. రోగం వచ్చిన నాటినుంచీ అతని పేరు ఊళ్లో 'పాపం ఆంజప్ప' అయింది. దాన్ని చెరిపి తన పేరు పెద్ద అక్షరాలతో సంతలో నిలబడుతుందంటే ఎవరికి చేదు?

"మందు అనొద్దండి శేషప్పా," అంది సుబ్బక్క. "అట్లంటే జనం మాత్రలు మానేస్తారు."

"అమ్మా, మందు అంటేనే కొంటారు. ఇదేమన్నా కోర్టా, అచ్చంగా నిజమే చెప్పేదానికి?"

ఆ రాత్రి ఆలుమగల మధ్య మాట పెరిగింది. "నీకు నా పేరు పైకి వచ్చేది ఇష్టం లేదు," అనేశాడు ఆంజప్ప. అన్నాక నాలుక కరుచుకున్నాడు, కానీ వెనక్కి తీసుకోలేదు. తెల్లవారుజామున, రాత్రికి రాత్రే రాయించిన బోర్డుతో శేషప్ప టెంపో వచ్చేసరికి మాత్రం చీర కొంగు దోపుకొని సుబ్బక్కే ముందు ఎక్కి కూర్చుంది. "నువ్వు యాల?" అన్నాడు ఆంజప్ప. "సీసాలు చూసేవాళ్లు కావాల గదా," అంది.

పొద్దు పొడవకముందే బయలుదేరారు. ఆంజప్ప ఎప్పటిలాగే మాత్ర వేసుకున్నాడు. ముద్ద దారిలో తిందామనుకున్నాడు. శూలగిరి దాటారు, కృష్ణగిరి దాటారు, శేషప్ప ఎక్కడా బండి ఆపలేదు. సుబ్బక్క ముద్ద మూట చూపించి ఆపమన్నప్పుడల్లా, "సంతలో చోటు పోతాదమ్మా, దిగినాక తినొచ్చు," అన్నాడు. దిగాక సీసాలు దించాలి, పందిరి వేయాలి, బోర్డు కట్టాలి. ఎద్దులు, మేకలు, చింతపండు మూటలు, మామిడి గంపలు, నేల ఈనినట్టు జనం. బోర్డు చదవగలిగినవాడు చదవలేనివాడికి అరవంలో చెప్పాడు, అతను ఇంకొకరికి తెలుగులో చెప్పాడు. పందిరి చుట్టూ మూగారు. ఆంజప్ప రెండు చేతులా గోలీలు కొడుతున్నాడు. టప్, టప్. ముద్ద మూట పెట్టె మీదే ఉండిపోయింది.

ఎండ నడినెత్తికి రాకముందే అతనికి ఏదో తేడాగా అనిపించింది. ముందు చేతివేళ్లు వణికాయి. సీసా జారింది. ఒళ్లంతా చెమట పట్టింది, కానీ ఆ చెమట చల్లగా ఉంది. గుండె మిషను చక్రంలా తిరుగుతోంది. జనం గొంతులు దూరంగా, నీళ్లలోంచి వస్తున్నట్టు వినబడుతున్నాయి. ఎవరో సీసా అడిగితే ఎక్కడలేని కోపం వచ్చింది.

"పోరా! నీ మొగానికి సోడా యాల!" అని అరిచి సీసా నేలకేసి కొట్టాడు.

"తాగినాడు," అన్నారెవరో.

"మందు అమ్మేవాడే మందు కొట్టినాడు," అని ఇంకొకడు నవ్వాడు.

శేషప్ప కంగారుగా అతన్ని కూర్చోబెట్టాడు. "దప్పికయి ఉంటాది. నీ సోడానే తాగప్పా," అని నీలం దారం సీసా నోటికి పెట్టాడు. ఆంజప్ప గటగటా తాగాడు. ఏమీ మారలేదు. కళ్లు తేలేశాయి, నాలుక మడత పడుతోంది.

అవతలి కొసన సీసాలు చూస్తున్న సుబ్బక్క ఆ అరుపు విని వెనక్కి తిరిగింది. తన మొగుడు తాగడు, ఊరికే అరవడు. చెమట చూసింది, చేతి వణుకు చూసింది. పెట్టె మీద విప్పని మూట చూసింది. డాక్టరును ఒకసారి అడిగిన మాట గుర్తొచ్చింది ఆమెకు. చక్కెర ఎక్కితే ఇటుక రంగు, మరి దిగిపోతే ఏమవుతాది సార్ అని అడిగింది. మాత్ర వేసుకొని తినకపోతే ప్రాణం మీదికి వస్తుంది, అప్పుడు తీపే మందు, ఒక్క నిమిషం ఆలస్యం చెయ్యొద్దు అన్నాడాయన.

ఆమె పరుగున పక్క అంగడికి పోయింది. ఆ అంగడివాడు అమ్ముకునే ఎర్ర కలరు సీసా ఒకటి లాక్కొని, "ఇందులో ఉండేది చక్కెరేనా, సాక్రినా? నిజం చెప్పప్పా, మనిషి ప్రాణం!" అంది. అతను తడబడి, "అమ్మా, అది... సాక్రినే," అన్నాడు. సుబ్బక్క సీసా పడేసింది. చుట్టూ చూసింది. కాఫీ కాచే ముసలామె దగ్గర చక్కెర డబ్బా కనబడింది. అడగడానికి ఆగలేదు. గుప్పెడు చక్కెర తీసి లోటాలో నీళ్లలో కలిపి, అడుగున కరిగేదాకా వేళ్లతో తిప్పి పట్టుకొచ్చింది.

"తాగు."

నాలుకకు చక్కెర తగలగానే ఆంజప్ప తల పక్కకు తిప్పేశాడు. ఆ మత్తులోనూ అతనికి ఒకటే తెలుసు, తీపి తనకు విషం. ఇన్నేళ్లుగా దాన్ని ముట్టలేదు. "వద్దు... తీపి వద్దు..." అంటూ ఆమె చేతిని నెట్టాడు.

"వద్దంటే నువ్వు పోతావు! ఈ దినం ఇదే నీకు మందు. నేను చెప్తా ఉండాను గదా, తాగు!" సుబ్బక్క అతని తలను తన భుజానికి ఆనించుకొని కూర్చోబెట్టింది. గొంతులో పడి ఊపిరి అడ్డుకోకుండా కొంచెం కొంచెంగా పెదవులకు అందించింది. ఒక గుటక. ఆగి, ఇంకో గుటక. ఆమె గొంతు విన్నాక అతను ఎదురు తిరగలేదు.

లోటా ఖాళీ అయింది. ముందు వణుకు తగ్గింది. తరువాత చెమట ఆరింది. ఆంజప్పకు నీళ్లలోంచి బయటికి తేలినట్టు చుట్టూ ఉన్న ముఖాలు ఒక్కొక్కటే తేటపడ్డాయి. అన్నింటికన్నా దగ్గరగా సుబ్బక్క ముఖం ఉంది. ఆ ముఖంలో కోపం లేదు. బీట ఉందేమో అని సీసాను చూసినట్టే అతన్ని చూస్తోంది. మూట విప్పి ముద్ద తుంచి నోట్లో పెట్టింది. సంత మధ్యలో, అందరూ చూస్తుండగా, చంటిబిడ్డలా తిన్నాడు. సిగ్గనిపించలేదు.

అప్పుడు సుబ్బక్క లేచింది. సోడా పెట్టె ఎక్కి బోర్డు దారాలు విప్పింది. శేషప్ప పరుగెత్తుకొచ్చాడు. "ఏం పని చేస్తా ఉండావమ్మా! అన్ని సీసాలు మిగిలుండాయి!"

ఆమె బోర్డును బోర్లా పెట్టి, పెట్టె మీదినుంచే జనం వైపు తిరిగింది. నలుగురిలో గొంతెత్తి ఎరుగని మనిషి.

"అయ్యా, అమ్మా, ఇది మందు కాదు. ఆ బోర్డులో రాసింది తప్పు. నా మొగుడికి షుగరుండాది. ఇప్పుడు చక్కెర దిగిపోయి పడిపోయినాడు. ఇదే సోడా పోసినారు, ఏమీ కాలేదు. ఎందుకంటే ఇందులో చక్కెర లేదు. చక్కెర ఎక్కువుండేవాడు తాగితే ఎక్కువ కాదు. అంతే దీని పని. ఎక్కినదాన్ని ఇది దించదు, దిగినదాన్ని ఎక్కించదు. మాత్రలు వేసుకొనేవాళ్లు తినకుండా ఉండొద్దండి. ఇట్ల చెమట పట్టి వణికితే తాగినాడని నవ్వొద్దండి, వెంటనే చక్కెర నీళ్లు పట్టించండి. తెలివి లేకుండా పడిపోయుంటే నోట్లో ఏమీ పోయొద్దండి, ఆస్పత్రికి ఎత్తుకొని పోండి."

అదే మాట అరవంలో ఇంకోసారి చెప్పింది. ఇందాక నవ్వినవాడు తల దించుకున్నాడు. మందనుకొని కొన్నవాళ్లు కొందరు సీసాలు తిరిగిచ్చేశారు. ఆమె మారుమాట లేకుండా తీసుకుంది.

శేషప్ప టెంపోలో తిరుగుదారంతా ముఖం ముడుచుకొని కూర్చున్నాడు. శూలగిరి దగ్గర మాత్రం, "నేను బండి ఆపుంటే బాగుండు," అన్నాడు మెల్లగా, ఎవరి వైపూ చూడకుండా.

ఆంజప్ప ఆ దారిలో ఆమె పక్కనే కూర్చున్నాడు. తనతో పాటు ఇన్నేళ్లు సీసాలు కడిగిన మనిషి. తను ఆమెను కళ్లారా చూసింది ఈ దినమే అనిపించింది. తన పేరున్న బోర్డును విప్పేటప్పుడు ఆమె చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. ఆ చేతులు ఇప్పుడు ఒళ్లో ఉన్నాయి. కుడి మణికట్టు మీద మచ్చ. దాన్ని తన వేలితో తాకాడు.

"నిన్న అన్న మాట..." అని మొదలుపెట్టాడు.

"గాలి కొడతా ఉండాది. కొంగు కప్పుకో," అంది సుబ్బక్క.

ఆ తరువాత అంగడికి జనం తగ్గారు. మందు కావాలన్నవాళ్లు వేరేచోట వెతుక్కున్నారు. ఉన్నది ఉన్నట్టు తెలుసుకొని వచ్చేవాళ్లు మిగిలారు. పోచంపల్లిలో జరిగింది డాక్టరు ఈశ్వరప్రసాద్ చెవిన పడింది. ఒక సాయంత్రం తనే నడిచి వచ్చి అంగడి బెంచీ మీద కూర్చున్నాడు. "నేను గదిలో చెప్తే రోగులు తల ఊపి పోతారమ్మా. నువ్వు చెప్తే గుర్తు పెట్టుకుంటారు," అన్నాడు. అప్పటినుంచీ కొత్తగా షుగరు బయటపడినవాళ్లను పోతూ పోతూ సుబ్బక్కతో ఒకసారి మాట్లాడి పొమ్మనేవాడు. ఆమె గొట్టం కాచి చూపించేది. అనుమానం వచ్చినప్పుడు తనే డాక్టరు దగ్గరికి పోయి అడిగి వచ్చేది.

ఎనభైల్లో హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి. మేకలు కాసిన వాళ్ల పిల్లలు సైరను కూతకు పరుగులు తీయసాగారు. మూతల సీసాల డ్రింకులు వచ్చి గోలీసోడాను వెనక్కి నెట్టాయి. ఆంజప్ప కంటిచూపు కొంచెం మసకబారింది, కానీ కాళ్లు రెండూ గట్టిగా ఉన్నాయి. దినమూ చన్నత్తూరు రోడ్డులో నడిచేవాడు. దొంగచాటుగా మళ్లీ ఎన్నడూ తాగలేదు.

ఒక మధ్యాహ్నం కెంపమ్మ బేరిగై బస్సు దిగి, ఎండలో పడి వచ్చింది. "నీ సోడా ఒకటియ్యమ్మా సుబ్బక్కా, పానం పోతా ఉండాది," అంటూ కూలబడింది.

"పొద్దున ఏం తిన్న్యావు?"

"యాడ తినేది? మేకలు తోలి, బస్సుకు పరిగెత్తినాను. మాత్ర మాత్రం వేసుకున్న్యాను."

సుబ్బక్క సీసా వైపు చెయ్యే చాపలేదు. మొదట ఇంత బెల్లం ముక్క ఆమె నోట్లో పెట్టింది. లోపలికి పోయి రాగిముద్దా, ఉలవచారూ తెచ్చి ముందు పెట్టింది. కెంపమ్మ సణుగుతూనే తినసాగింది. సగం ముద్ద అయ్యేసరికి సణుగుడు ఆగి, ముఖంలోకి కళ వచ్చింది. "ఇప్పుడు సోడా ఈయ్," అంది. "ఇప్పుడు చెంబెడు మజ్జిగ తాగు. అదే మేలు," అంది సుబ్బక్క.

షిఫ్టు దిగి సోడా కోసం వచ్చిన ఫ్యాక్టరీ మనిషి ఒకడు బెంచీ మీద కూర్చొని ఇదంతా చూస్తున్నాడు. ఊరికి కొత్తవాడు.

"ఏంది పెద్దాయనా, సోడా అంగడి పెట్టుకొని సోడా తాగొద్దంటా ఉండాది మీ ఇంటామె?" అని అడిగాడు నవ్వుతూ.

ఆంజప్ప మసక కళ్లతో లోపలికి చూశాడు. సుబ్బక్క కెంపమ్మ పక్కనే కూర్చొని, ఆమె పాదాన్ని తన ఒళ్లో పెట్టుకొని, వేళ్ల సందుల్లో పుండేమైనా ఉందేమో అని వెతుకుతోంది.

"ఆమె అంతేనప్పా," అన్నాడు. అతని గొంతులో గర్వం దాగలేదు. "నేను ఈ దినం నీతో మాట్లాడతా ఉండానంటే ఆమె అట్ల ఉండబట్టే. నీకు షుగరేమన్నా ఉండాదా?"

"తెలీదే. యాలా?"

"దప్పిక ఎక్కువవుతా ఉంటే చెప్పు. ఆమెతో మాట్లాడిపిస్తాను," అని ఆంజప్ప గోలీ కొట్టి సీసా అతని చేతికిచ్చాడు.